నల్ల ప్లాస్టిక్ మీద రంగు చార: అంటుకుందా, ఊడిందా?

కారు బాడీ మీద గీత పడితే ఏం చేయాలో చెప్పేవాళ్లకు కొదవ లేదు. అదే బంపర్ కింది అంచుకో, చక్రం చుట్టూ ఉండే క్లాడింగ్‌కో, తలుపుల కింద నల్ల పట్టీకో వేరే రంగు అంటుకుంటే తలో మాటా చెబుతారు. ఒకరు థిన్నర్‌తో తుడిచేయమంటారు. ఇంకొకరు థిన్నర్ తగిలితే ప్లాస్టిక్ పాడైపోతుందని భయపెడతారు. టూత్‌పేస్ట్, హీట్ గన్, మ్యాజిక్ స్పాంజ్, వంటనూనె... వినేకొద్దీ అయోమయం పెరుగుతుంది. తమాషా ఏమిటంటే, వీళ్లలో చాలామంది అబద్ధం చెప్పడం లేదు. ఎవరి బండికి వాళ్లకు ఆ చిట్కా నిజంగానే పనిచేసి ఉంటుంది. ఒకరి కారులో ఆ భాగం ఒక రకం ప్లాస్టిక్, మరొకరి కారులో ఇంకో రకం. ఒకరికి అంటుకున్నది గోడ సున్నమో ఎమల్షనో, మరొకరికి అవతలి కారు పెయింట్. మూడో ఆయనకు అసలు రంగే అంటుకోలేదు, ప్లాస్టిక్కే గీరుకుపోయి తెల్లగా కనబడుతోంది.

అందుకే ఏ సీసా మూతా తీయకముందే ఒక సంగతి తేల్చుకోవాలి. ఆ చార బయటి నుంచి వచ్చి చేరిందా, లేక అక్కడ ఉండాల్సింది ఊడిపోయిందా? వచ్చి చేరినదాన్ని తీయొచ్చు, అదీ చాలాసార్లు అనుకున్నదానికన్నా తేలిగ్గా. ఊడిపోయిన చోట ఎంత తుడిస్తే అంత నష్టం.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. ఈ పనికి తొందర లేదు. ఆలస్యం చేస్తే రంగు గట్టిపడి ఇక రాదేమోనన్న టెన్షన్‌తో పార్కింగ్‌లోనే చేతికందిన గుడ్డ తీసి, దుమ్ముతో సహా రుద్దేస్తుంటారు. గోడ మీదో, వేరే బండి మీదో ఉన్న రంగు ఎప్పుడో ఆరి గట్టిపడి ఉంటుంది. మీ బంపర్ మీదికి వచ్చాక అది కొత్తగా గట్టిపడేది పెద్దగా ఏమీ ఉండదు. అప్పుడే వేసిన పచ్చి రంగు తగిలినా, స్ప్రే తుంపర్లు పడినా మాత్రం వెంటనే తుడవాలి. మిగతా ఏ మచ్చయినా ఆదివారం దాకా ఆగగలదు.

ఆ నలుపు వెనక ఏముంది

రంగు వేయకుండా వదిలేసే గరుకు నల్ల భాగాలను ఎక్కువగా పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. ఒట్టి పాలీప్రొపిలీన్ చలికి పెళుసుబారుతుంది కాబట్టి అందులో ఈపీడీఎం అనే రబ్బరు కలుపుతారు. బిగువు కోసం టాల్క్ పొడి, నలుపు కోసమూ ఎండను తట్టుకోవడం కోసమూ కార్బన్ బ్లాక్ అనే మసి పొడి చేరుస్తారు. అంటే నలుపు పైపూత కాదు, ముద్దలోనే ఉంది. ఒక మిల్లీమీటర్ లోతుకు గీసుకుపోయినా లోపల కూడా నల్లగానే ఉంటుంది. మరి గీరుకుపోయిన చోట తెల్లగా ఎందుకు కనిపిస్తుందనేది కాసేపట్లో చూద్దాం.

పాలీప్రొపిలీన్‌కు ఒక విచిత్రమైన గుణం ఉంది. అది దేన్నీ తనకు అంటుకోనివ్వదు. శుభ్రమైన ముక్క మీద నీటి చుక్క వేస్తే పరుచుకోకుండా ముడుచుకుని నిలబడుతుంది. జిగురైనా, రంగైనా అదే పరిస్థితి. బంపర్లకు రంగు వేసే ఫ్యాక్టరీల్లో ముందు ఆ ఉపరితలాన్ని మంటతో ఒక్క క్షణం తాకిస్తారు, లేదా అడ్హీషన్ ప్రమోటర్ అనే ప్రత్యేకమైన పూత వేస్తారు. అంత తతంగం జరిగితేనే పెయింట్ పట్టుకుంటుంది. స్తంభానికి రాసుకున్నప్పుడు అలాంటిదేమీ జరగదు కదా. కాబట్టి మీ క్లాడింగ్ మీద కనిపిస్తున్న ఎర్ర చార అక్కడ నిజంగా అతుక్కోలేదు. చెప్పు అడుగు పళ్లలో బురద ఇరుక్కున్నట్టు, గరుకులో ఇరుక్కుంది, అంతే.

అసలు చిక్కు ఆ గరుకుతోనే. అచ్చు పోసే ఉక్కు మూస లోపలి ముఖాన్ని యాసిడ్‌తోనో లేజర్‌తోనో తొలిచి, తోలు మీద ముడతల్లాంటి నమూనా తెస్తారు. ప్లాస్టిక్ ఆ నమూనాతోనే బయటికి వస్తుంది. దగ్గరగా చూస్తే అన్నీ చిన్న చిన్న గుట్టలు, వాటి మధ్య గుంటలు. వెలుగు వాటి మీద పడి నాలుగు దిక్కులకూ చెదిరిపోతుంది కాబట్టే ఆ భాగం మెరవకుండా, నిండు నలుపుతో కనిపిస్తుంది. రాపిడిలో ఒత్తిడికీ వేడికీ పైపొర ఒక క్షణం మెత్తబడుతుంది, అవతలి రంగు పొడిపొడిగా రాలి గుట్టల మీద పులుముకుని గుంటల్లో కూరుకుంటుంది. దాన్ని బయటికి తీసే క్రమంలో గుట్టలను అరగదీస్తే ఆ చోటు నున్నబడి మెరుస్తుంది. రంగు చార పోయి మెరుపు మచ్చ మిగులుతుంది. రంగు చారకు మందుంది, మెరుపు మచ్చకు దాదాపు లేదు. ఈ పనిలో ఏ సలహా విన్నా ఒకే ప్రశ్న వేసుకోండి: ఇది రంగును తీస్తుందా, గరుకును తీస్తుందా?

నల్లగా ఉన్నదంతా పాలీప్రొపిలీన్ కాదన్నది మరిచిపోతే ప్రమాదం. అద్దాల డిప్పలు, గ్రిల్లులు ఏబీఎస్, ఏఎస్ఏ అనే వేరే రకం ప్లాస్టిక్‌లతో చేసినవి కావచ్చు. తలుపుల మధ్య స్తంభాల మీద అద్దంలా మెరిసే పియానో బ్లాక్ పలకలు అక్రిలిక్ అనే ఇంకో ప్లాస్టిక్ అయినా అయ్యుండొచ్చు, నల్ల పెయింట్ వేసిన ప్లాస్టిక్ అయినా అయ్యుండొచ్చు. పాలీప్రొపిలీన్ మీద అసిటోన్ ఒకసారి తుడిస్తే దానికి ఏమీ కాదు. అదే అసిటోన్ ఏబీఎస్‌ను, అక్రిలిక్‌ను కరిగించేస్తుంది, పాలీకార్బనేట్‌లో పగుళ్లు తెస్తుంది. ఒకే సీసా ఒక చోట మందు, రెండు జానల దూరంలో విషం.

ఏది ఏదో తెలుసుకోవడానికి ఒక నమ్మకమైన దారి ఉంది. చాలా భాగాల వెనక వైపు, రెండు కోణపు గుర్తుల మధ్య, దాని పదార్థం పేరు అచ్చులోనే పోసి ఉంటుంది. ఐఎస్ఓ 11469 అనే ప్రమాణం ప్రకారం వేసే గుర్తు అది. పీపీ ప్లస్ ఈపీడీఎం, పక్కన టీడీ20 అని ఉంటే రబ్బరు కలిసిన పాలీప్రొపిలీన్, అందులో బరువు లెక్కన 20 శాతం టాల్క్ పొడి అని అర్థం. వీల్ ఆర్చ్, అంటే చక్రం పైనుండే వంపు, లోపలి అంచు దగ్గర టార్చ్ వేసి చూస్తే ఒక్కోసారి ఏమీ విప్పకుండానే కనబడుతుంది. కనబడకపోతే తెలియని ప్లాస్టిక్‌గానే లెక్కగట్టి, మెత్తని పద్ధతుల దగ్గరే ఆగిపోవడం మంచిది. గరుకుగా ఉన్నా కొన్నిటికి మాట్ నలుపు పెయింట్ వేసి ఉంటుంది, అదీ గుర్తుంచుకోవాలి. కంటపడని మూల ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన తెల్ల గుడ్డతో తుడిచి చూడండి. కొద్దిగా నలుపు వస్తే అది మురికో, పాత పాలిషో కావచ్చు. రెండోసారి, మూడోసారి కూడా నలుపు వస్తూ, వేలికి జిగటగా తగిలితే అది పెయింటే, లేదా ఆ ద్రావకానికి కరిగే ప్లాస్టిక్. అక్కడితో చేయి తీసేయాలి.

వచ్చి చేరిందా, ఊడిపోయిందా

ఎరుపో, పసుపో, నీలమో అయితే అనుమానమే లేదు, అది బయటి రంగు. గొడవంతా తెలుపుతోనే, బూడిద రంగుతోనే. తెల్ల చార మూడు రకాలుగా రావచ్చు. నిజంగానే తెల్ల పెయింట్ అంటుకుని ఉండొచ్చు. బాడీకి వ్యాక్స్ రాసినప్పుడు అంచుల మీద పడి గరుకులో ఎండిపోయిన పొడి కావచ్చు. మూడోది, ప్లాస్టిక్ తనంతట తాను తెల్లబడటం.

ఈ మూడోదాన్ని కొంచెం విడమరచి చెప్పుకోవాలి, ఎందుకంటే ఎక్కువమంది గంటల తరబడి కష్టపడేది దీని మీదే. గట్టి వస్తువు గీరినప్పుడు ప్లాస్టిక్ పైపొర సాగుతుంది. ప్లాస్టిక్ సాగినంత సులువుగా దానిలోని టాల్క్ రేణువులు సాగవు. రేణువుల చుట్టూ, రబ్బరు బిందువుల చుట్టూ కంటికి కనిపించనంత చిన్న ఖాళీలు ఏర్పడతాయి. వెలుగు ఆ ఖాళీల దగ్గర చెదిరి తెల్లగా కనిపిస్తుంది. నల్ల ప్లాస్టిక్ పట్టీని మడిస్తే మడత దగ్గర తెల్లబడేది కూడా ఇందుకే. టాల్క్ పొడి ఎటూ తెల్లనిదే, పైకి తేలినచోట అది కూడా తోడవుతుంది. అక్కడ రంగు అనేదే లేదు, తుడిస్తే పోవడానికి.

తేడా పట్టడానికి నీళ్లు చాలు. చారను శుభ్రంగా కడిగి ఆరనిచ్చి, తడి వేలితో దాని మీద రాయండి. తడిగా ఉన్నంతసేపూ చార మాయమై, ఆరగానే మళ్లీ తేలితే అది చాలావరకు ప్లాస్టిక్ గీతే. నీరు గీతలోని సన్నని గుంటలను నింపేసరికి వెలుగు చెదరడం తగ్గి నల్లగా కనిపిస్తుంది. పెయింట్ అయితే తడిసినా దాని రంగు దానికి ఉంటుంది. థిన్నర్‌తో తుడుస్తున్నప్పుడు “పోయింది, పోయింది” అని సంబరపడి, రెండు నిమిషాలకు మళ్లీ తెల్లగా తేలితే ఉసూరుమనడానికి కారణం కూడా ఇదే. తడి ప్లాస్టిక్‌ను చూసి ఏ నిర్ణయానికీ రాకూడదు.

తర్వాత గోరు. చారకు అడ్డంగా గోటితో మెల్లగా గీస్తే, గోరు ఎక్కినట్టు తగిలితే పైన ఏదో చేరినట్టు. జారి గుంటలో పడినట్టు తగిలితే ప్లాస్టిక్ పోయినట్టు. ఫోన్ కెమెరాలో మాక్రో పెట్టి ఒక ఫొటో తీస్తే ఇంకా తేటతెల్లమవుతుంది. గరుకు నమూనా చెక్కుచెదరకుండా ఉండి, దాని మీద రంగు చుక్కలు చుక్కలుగా ఉంటే మీ అదృష్టం బాగుంది. నమూనా ఒకే దిక్కుకు ఈడ్చినట్టు, దువ్వినట్టు ఉంటే ప్లాస్టిక్ కూడా కదిలిపోయింది. నిజానికి చాలా చారల్లో రెండూ కలిసే ఉంటాయి. మధ్యలో లోతైన గీత, దాని చుట్టూ పులుముకున్న రంగు. రంగు మొత్తం తీసేశాక సన్నని గీత మిగిలితే పని చెడిందనుకోవద్దు. ఆ గీత మొదటి నుంచీ అక్కడే ఉంది, రంగు కింద.

థిన్నర్ అన్నిటినీ ఎందుకు కరిగించలేదు

కారు బాడీకి ఫ్యాక్టరీలో వేసే పైపూతను సుమారు 140 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఓవెన్‌లో కాలుస్తారు. ఆ వేడికి పూతలోని అణువుల గొలుసులు ఒకదానితో ఒకటి ముడిపడి వలలా బిగుసుకుంటాయి. ఒకసారి అలా బిగుసుకున్నాక అది ఏ మామూలు ద్రావకంలోనూ కరగదు. మహా అయితే ఉబ్బి మెత్తబడుతుంది. అందుకే అవతలి కారు రంగు అంటుకుంటే అసిటోన్ చుక్కకే కరిగి కారిపోతుందని ఆశపడకూడదు. దాన్ని మెత్తబరచి, గరుకులోంచి పెళ్లగించాలి.

గోడలకు వేసే ఎమల్షన్ సంగతి వేరు. అది కాలిస్తే గట్టిపడేది కాదు, ఆరితే గట్టిపడేది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కు బాగానే మెత్తబడుతుంది. స్తంభాలకు, గేట్లకు వేసే ఆయిల్ ఎనామెల్ నెమ్మదిగా లొంగుతుంది. టర్పెంటైన్ రకం ద్రావకంతో తడిపి కాసేపు ఆగాలి. స్ప్రే డబ్బాల్లో వచ్చే లాకర్ రకం రంగయితే అసిటోన్ తగలగానే కరుగుతుంది. పేరు తెలియని రంగుకు ఈ వరుసలోనే ప్రయత్నించడం తప్ప అడ్డదారి లేదు.

ద్రావకం పని మెత్తబరచడం వరకే. తీసే పని గుడ్డదీ, బ్రష్‌దీ. ఈ సంగతి తెలియకనే చాలామంది సీసాలు సీసాలు పోస్తారు. అందులో సగం గాలిలో కలిసిపోతుంది, మిగతా సగం పక్కనున్న బాడీ పెయింట్ మీదికి కారుతుంది.

పని ఎలా సాగాలి

ముందు షాంపూ నీళ్లతో కడగాలి. గరుకులో ఇసుక రేణువులు ఉండగా రుద్దితే గుడ్డే ఉప్పుకాగితమవుతుంది. ఎండలో కాలిన ప్లాస్టిక్ మీద పని పెట్టుకోకూడదు, ద్రావకం పనిచేసేలోపే ఆవిరైపోతుంది. నీడలో, చేయి పెడితే చల్లగా తగిలేటప్పుడు మొదలుపెట్టండి. పక్కనే బాడీ పెయింట్ ఉంటే దాని అంచుకు మాస్కింగ్ టేప్ వేయండి.

ఆరాక మొదటి పనిముట్టు ఏ సీసా కాదు, గోరు. దానితోపాటు చెక్క టూత్‌పిక్, కాలం చెల్లిన బ్యాంక్ కార్డు అంచు, పెన్సిల్ రాతలు చెరిపే రబ్బరు. పాలీప్రొపిలీన్ రంగును గట్టిగా పట్టుకోదు కాబట్టి దళసరిగా ఉన్న పెచ్చులు పొడిగా ఉన్నప్పుడే లేచిపోతాయి. చెరిపే రబ్బరు పులుముకున్న పలుచని రంగును ఉండలు ఉండలుగా తనలోకి లాగేస్తుంది. నన్నడిగితే ఈ మెట్టుకు దక్కాల్సిన మర్యాద దక్కడం లేదు. సీసాలోంచి వచ్చేదే మందు అనే భ్రమ మనకు. పొడిగా తీయగలిగినదంతా తీసేశాక చూస్తే, చాలాసార్లు చారలో సగం కూడా మిగలదు.

ఆ తర్వాత తారు మరకలు తీసే ద్రవమో, నారింజ తొక్క నూనెతో చేసే క్లీనరో, ఐసోప్రొపైల్ ఆల్కహాలో. వీటిలో ఏదైనా సరే ముందు దాచిన మూలలో పరీక్షించి, దూది తడిపి చార మీద ఒక నిమిషం అలా ఆనించి ఉంచండి. ఆ నిమిషంలోనే రంగు మెత్తబడేది. తర్వాత మెత్తటి నైలాన్ టూత్‌బ్రష్‌తో చిన్న చిన్న గుండ్రాలుగా తిప్పితే గుంటల్లోంచి రంగు పైకి లేస్తుంది.

ఇప్పుడు తుడవడం. పని చెడేది ఎక్కువగా ఇక్కడే. మైక్రోఫైబర్ గుడ్డను చూపుడు వేలి కొనకు బిగించి చుట్టుకోండి. చార బయటి అంచు నుంచి లోపలికి, ఒకే దిక్కుకు, ఒక్కసారి లాగి గుడ్డ ఎత్తేయండి. వేలి కింద గుడ్డ మీద రంగు మరక కనబడుతుంది. గుడ్డను కొంచెం జరిపి, శుభ్రమైన చోటుతో మళ్లీ అదే పని. అదే మురికి ముఖంతో అటూ ఇటూ రుద్దితే మెత్తబడిన రంగు పలచని బూడిద మబ్బులా అరచేతి వెడల్పున పరుచుకుని, ఇంతకుముందు రంగు లేని గుంటల్లోకి కూడా దిగుతుంది. రెండు అంగుళాల ఎర్ర చార కాస్తా ఆరు అంగుళాల గులాబీ మచ్చ అయ్యేది ఇలాగే. మళ్లీ తడపడం, ఆగడం, బ్రష్, ఒక్క లాగు. విసుగు పుట్టించే పనే, కానీ దీనికన్నా దగ్గర దారి గరుకును చంపకుండా ఉండదు.

అప్పటికీ మిగిలితే, అది పాలీప్రొపిలీన్ అని కచ్చితంగా తెలిస్తేనే, అసిటోన్. గుడ్డ మీద వేసుకోవాలి, కారు మీద పోయకూడదు. రెండు మూడు సెకన్లు తుడిచి తీసేసి, వెంటనే తడిగుడ్డతో ఒకసారి తుడవాలి. థిన్నర్ కన్నా నేను అసిటోన్‌కే ఓటు వేస్తాను. థిన్నర్ అంటే ఒక పదార్థం కాదు, ఏవేవో కలిపిన మిశ్రమం. అందులో టోలీన్, జైలీన్ లాంటివి ఉంటే అవి పాలీప్రొపిలీన్‌ను, దానిలోని రబ్బరును ఉబ్బిస్తాయి. డబ్బా మీద థిన్నర్ అని రాసి ఉన్నంత మాత్రాన లోపల ఏముందో తెలియదు. పెట్రోలు సంగతి చెప్పనే అక్కర్లేదు. అదీ ఉబ్బిస్తుంది, పైగా నిప్పు. అసిటోన్ కూడా తక్కువది కాదు, దాని ఆవిరి మైనస్ 20 డిగ్రీల దగ్గర కూడా అంటుకోగలదు. గాలి ఆడే చోట, నైట్రైల్ గ్లోవ్స్ వేసుకుని, సిగరెట్టుకూ ఏ నిప్పుకూ దూరంగా చేయాల్సిన పని. తడిసిన గుడ్డలను ఉండచుట్టి డిక్కీలో పడేయకుండా బయట పరచి ఆరనివ్వాలి.

మెలమైన్ స్పాంజ్, అదే మ్యాజిక్ స్పాంజ్ అని అమ్మేది, ఈ పనికి చాలామంది వాడతారు. అది మాయ కాదు, చాలా సన్నని, గట్టి ఒరుపు. బాగా తడిపి, బరువు వేయకుండా నాలుగు సార్లు తిప్పితే గుట్టల మీద మిగిలిన రంగు వస్తుంది. నలభై సార్లు తిప్పితే గుట్టలే వస్తాయి. నాలుగు తిప్పులకోసారి ఆరనిచ్చి, పక్కనున్న చోటుతో మెరుపు పోల్చుకోవాలి.

రబ్బింగ్ కాంపౌండ్, టూత్‌పేస్ట్ నునుపైన పెయింట్‌కు పనికొచ్చేవి. గరుకు ప్లాస్టిక్ మీద అవి రంగును తీసేదానికన్నా గుంటల్లో తమ తెల్ల పొడిని నింపేదే ఎక్కువ. ఎర్ర చార కోసం మొదలుపెడితే తెల్ల చార చేతికొస్తుంది. స్ప్రే తుంపర్లకు వాడే క్లే బార్ అనే బంకమట్టి లాంటి ముద్దదీ ఇదే కథ, దాని ముక్కలు గరుకులో చిక్కుకుంటాయి. ఉప్పుకాగితం, స్టీల్ ఊల్ గురించి మాట్లాడుకోనే వద్దు.

పియానో బ్లాక్ పలకలకు ఈ మొత్తం తలకిందులు. అక్కడ కాపాడాల్సింది గరుకు కాదు, మెరుపు. బ్రష్ వద్దు, మ్యాజిక్ స్పాంజ్ అసలే వద్దు, అసిటోన్ మాటే ఎత్తొద్దు. అక్రిలిక్‌కు ఘాటైన ఆల్కహాల్ కూడా సన్నని పగుళ్లు తేవచ్చు. సబ్బు నీళ్లతో మొదలుపెట్టి, చాలకపోతే సన్నని పాలిష్, కొత్త మైక్రోఫైబర్ గుడ్డ. గరుకు ప్లాస్టిక్ మీద నిషేధించిన పాలిష్ ఇక్కడ సరైన మందు.

వ్యాక్స్ పొడి వల్ల వచ్చిన తెలుపుకు మాత్రం ఇంత హంగామా అక్కర్లేదు. వేడి సబ్బునీళ్లు, టూత్‌బ్రష్ చాలావరకు సరిపోతాయి. మొండికేస్తే కొంచెం నూనె రాసి వ్యాక్స్‌ను మెత్తబరచి, తర్వాత సబ్బుతో కడగాలి. వంటనూనె చిట్కా, వేరుశనగ పేస్ట్ చిట్కా పుట్టింది ఇక్కడే. పెయింట్ చారకు వాటిని రాస్తే చార నూనె వల్ల కొద్దిగా కనబడకుండా పోతుంది తప్ప కదలదు. నాలుగు రోజుల్లో ఆ జిడ్డుకు దుమ్ము అంటుకుని ఇంకా అసహ్యంగా తయారవుతుంది.

రంగు పోయాక మిగిలే గీత

చారలో చేరినదంతా తీసేశాక, తెల్లబడ్డ గీత మిగిలిందనుకుందాం. గీత అంచున లేచిన పీచులుంటే, వాటిని మాత్రం పదునైన బ్లేడుతో పైపైన కోసేయొచ్చు. ఈ పని మొత్తంలో లోహపు అంచుకు చోటున్నది ఇక్కడొక్కచోటే.

తెల్లదనానికి వేడి పనిచేస్తుంది. పాలీప్రొపిలీన్ సుమారు 160 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అంతకు తక్కువలోనే పైపొర మెత్తబడి, గీతలో ఏర్పడ్డ సన్నని ఖాళీలు మూసుకుంటాయి. తెలుపు కళ్ల ముందే నల్లబడుతుంది. హీట్ గన్‌తో పాత బంపర్లు నల్లగా మార్చే వీడియోల్లో కనిపించేది ఇదే. కాకపోతే హీట్ గన్ గాలి కొన్ని వందల డిగ్రీల్లో ఉంటుంది, కరిగే హద్దు 160 దగ్గరే ఉంది. ఒక్క చోట రెండు సెకన్లు ఎక్కువ ఆగితే గుట్టలు కూలి గుంటలు పూడి, ఆ చోటు నూనె రాసినట్టు మెరుస్తుంది, ఇంకా ఆగితే పలక వంకర తిరుగుతుంది. తక్కువ వేడి పెట్టి, జానెడు దూరం నుంచి మొదలుపెట్టి, చేయి ఆపకుండా ఊపుతూ, నలుపు తిరిగొచ్చిన క్షణం ఆపేయాలి. దగ్గర్లో పార్కింగ్ సెన్సర్, కెమెరా, వైర్లు, జిగురుతో అతికించిన బ్యాడ్జ్ ఉంటే ఈ ఆలోచన మానుకోవడమే నయం. అసిటోనో, ఇంకేదైనా ద్రావకమో వాడిన రోజున హీట్ గన్ జోలికి వెళ్లొద్దు. కడిగి, పూర్తిగా ఆరి, వాసన కూడా పోయాకే.

ట్రిమ్ డ్రెస్సింగ్‌లు, నలుపు తెచ్చే క్రీములు చివర్లో రావాలి. సిలికాన్ రకం డ్రెస్సింగ్ చేసేది మన తడి వేలు చేసిన పనే, గీతలను నింపి వెలుగు చెదరకుండా చూడటం. నాలుగైదు సార్లు కడిగేసరికి పోతుంది. పోయినా నష్టం లేదు, మళ్లీ రాసుకోవచ్చు. నల్ల రంగు కలిసిన రిస్టోరర్లు, సిరామిక్ రకం పూతలు ఎక్కువ కాలం నిలుస్తాయి, కానీ వాటి కింద రంగు మచ్చ మిగిలిపోతే అదీ వాటితోపాటే నిలుస్తుంది. ఏది రాసినా ముందు ఆల్కహాల్‌తో తుడిచి, ఆరనిచ్చి, మర్నాడు పక్కవాటు వెలుగులో ఒకసారి చూసుకుని రాయాలి. ఎదురుగా నిలబడితే కనిపించని మబ్బు, పక్క నుంచి చూస్తే పట్టుబడుతుంది.

గీత లోతుగా ఉండి, గరుకు ఈడ్చుకుపోయి ఉంటే ఇవేవీ దాన్ని మాయం చేయలేవు. పుట్టీ పెట్టి నింపి, సాన పట్టి, రంగు వేస్తే గీత పోతుంది గానీ ఆ చోట గరుకు లేని నున్నటి అతుకు కనబడుతుంది. గరుకు తెచ్చే స్ప్రేలు ఉన్నాయి, అవి వేసే నమూనా చుట్టుపక్కల నమూనాతో సరిగ్గా కలవడం అరుదు. పైగా అడ్హీషన్ ప్రమోటర్ వేయకుండా రంగు కొడితే కొన్నాళ్లకు పెచ్చులుగా లేస్తుంది. ఇందాక మనకు మేలు చేసిన గుణమే ఇప్పుడు ఎదురు తిరుగుతుంది. వీల్ ఆర్చ్ క్లాడింగ్, సైడ్ మౌల్డింగ్ లాంటివి చాలా కార్లలో క్లిప్పులతో బిగించిన విడి ముక్కలే కాబట్టి, ఆ స్థాయి దెబ్బకు ముక్క మార్చేయడమే చౌకా, చక్కనా. దెబ్బ గట్టిదైతే ఎలాగూ ఒకసారి విప్పి లోపల క్లిప్పులు విరిగాయేమో, సెన్సర్ పక్కకు తిరిగిందేమో చూడాల్సిందే. కొత్త ముక్క బిగించాక పక్కవాటికన్నా అది ఒక పిసరు ఎక్కువ నల్లగా కనిపిస్తుంది. అది కొత్త ముక్క తప్పు కాదు, మిగతావి ఎండకు వెలిసిపోయాయి. అన్నిటినీ కడిగి ఒకేసారి రిస్టోరర్ పట్టిస్తే ఆ తేడా తగ్గుతుంది.